మేము తిన్న పథ్యం

మూడు నెలల పాటు ప్రతి గురువారం నేను ఒకే ప్రశ్న అడిగాను. మూడు నెలలూ ఒకే జవాబు వచ్చింది.

"పథ్యం చేస్తున్నారాండీ?"

"చేస్తన్నానమ్మాయ్. నువ్వు రాసింది రాసినట్టు. ఒక్క పూట తప్పితే ఒట్టు."

నేను రికార్డులో 'పథ్యం సక్రమం' అని రాసి కింద గీత గీసేదాన్ని. ఆ గీతలు ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. ఆసుపత్రుల్లో కొత్తగా డైటీషియన్లుగా చేరే అమ్మాయిలు చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు సర్వీసు చేసి రిటైరైన పెద్దవాళ్ళు రాయాల్సిన జ్ఞాపకాలను నాలుగేళ్ళు చేసి మానేసిన నేను రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు నాలుగేళ్ళకే ఇంత విసుగు పోగైందంటే, ముప్ఫై ఏళ్ళు చేసినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మాది గుడివాడ. పొద్దున్నే పాసింజరు ఎక్కితే పెడన దాటేలోగా చేతిలో పుస్తకం ఇరవై పేజీలు కదిలేది. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. ఏదైనా చెప్పాలనుకుంటే ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. అలాంటి నన్ను తీసుకొచ్చి, రోజుకు పాతిక మందిని ఏం తిన్నారు, ఎన్నిసార్లు విరేచనమైంది అని అడిగే కుర్చీలో కూర్చోబెట్టారు.

గురువారాల్లో బెజవాడ నుంచి కాలేయం డాక్టరుగారు వచ్చేవారు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ళంతా ఆ రోజే వచ్చేవాళ్ళు. ఇప్పటిలా మూణ్ణెల్లు మాత్రలు మింగితే పోయే వైద్యం అప్పుడు లేదు. వారానికొక ఇంజెక్షను, రోజూ రెండు పూటలా క్యాప్సూళ్ళు. కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఇంజెక్షను పడ్డ సాయంత్రం చలిజ్వరం వచ్చేది. మర్నాటి నుంచి కడుపులో తిప్పడం, నోట్లో ఇనప ముక్క చప్పరిస్తున్నట్టు రుచి. వాంతులు కాకపోతే విరేచనాలు, ఒక్కోసారి రెండూ. మందు వైరస్‌తో పోట్లాడుతున్నంత కాలం మనిషికి నాలుగు మెతుకులు లోపలికి పంపి నిలబెట్టడం నా పని.

నేను చేరేనాటికి అక్కడ 'డైట్ చార్ట్' అని ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం ఉండేది. ఒక పేజీ నిండా గ్రాములూ క్యాలరీలూ. దాన్ని చూసిన రోజే నాకు ఒళ్ళు మండింది. తెలుగువాళ్ళకు తెలుగులో రాసివ్వలేమా? సొంతంగా, గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం తయారుచేశాను. పైన పెద్దగా 'పథ్యం' అని శీర్షిక. కింద వరసగా కోడిగుడ్డు, చేప, కందిపప్పు, పెసరపప్పు, పెరుగు, అరటిపండు, ఇడ్లీ. అన్నీ తేలిగ్గా దొరికేవి, బలమిచ్చేవి. ఎన్నిసార్లు, ఎంతెంత అన్నది మనిషిని బట్టి నోటితో చెబుదామనుకున్నాను. నోటితో చెప్పడం నాకు చేతకాదన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

కాగితం చూసి మా హెడ్ సిస్టర్ పెదవి విరిచింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, మాట కరుకు.

"డైట్ చార్ట్ అంటే రిక్షావాడికి కూడా తెలుసు కదమ్మా. ఈ పథ్యం ఎందుకు మధ్యలో?"

"మన మాటండీ. అందరికీ అర్థమవుతుంది."

"అర్థమవుతుందనే నా భయం," అంది ఆవిడ. ఆ మాటకు అర్థం ఏమిటో నేను అడగలేదు. పెద్దావిడకు తెలుగంటే చిన్నచూపు అని డైరీలో రాసుకున్నాను.

ఇక ఒట్టు పెట్టిన మనిషి గురించి. దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. యాభైకి దగ్గర వయసు. భర్త పోయాక తమ్ముడి మరపడవల మీద వచ్చే చేపల వ్యాపారమంతా తనే నడిపేది. రేవులో చేపల వేలంపాట పాడించే గొంతు అది. మా వరండాలో ఆవిడ "అమ్మాయ్!" అని పిలిస్తే మందుల షాపులో కుర్రాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. ఎప్పుడో కాన్పులో రక్తం ఎక్కించినప్పుడు ఈ జబ్బు అంటుకుని ఉండొచ్చని డాక్టరుగారి అనుమానం. ఆరు నెలల కోర్సు రాశారు.

ఆవిడంటే నాకు భయం. నేను సగం వాక్యం పూర్తి చేసేలోగా ఆవిడ మిగతా సగం పూర్తి చేసి, దానికి జవాబు కూడా చెప్పేసేది.

"క్యాప్సూలు అన్నంతో పాటే..."

"వేసుకోవాలి, ఖాళీ కడుపున కూడదు. సిస్టరమ్మ చెప్పింది. ఇంకేంటి?"

"కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు..."

"తినాలి. తింటన్నా. ఇంకేంటి?"

ఇంకేమీ ఉండేది కాదు. పథ్యం చేస్తున్నారా అని అడిగి, గీత గీసి, బయటపడేదాన్ని.

ఆవిడ వచ్చిన ప్రతి గురువారం మాకు పండగ. పెద్ద స్టీలు డబ్బా నిండా చేపలు తెచ్చేది. ఒకవారం పండుగప్ప పులుసు, ఒకవారం చందువా వేపుడు, ఒకసారి కోడిగుడ్డు వేసి రొయ్యలు. మొదటి వారం ఇద్దరు నర్సులు వెనకాడితే హెడ్ సిస్టర్ కసిరింది. "ఇది రక్తంతో అంటేది గానీ పులుసుతో అంటేది కాదు. చదువుకున్న మీరే ఇలా జడుసుకుంటే బయటి వాళ్ళకేం చెబుతారు?" అని ముందు తనే వడ్డించుకుంది. ఆ తర్వాత ఎవరూ వెనకాడలేదు. నేను కూడా. బెరుకంతా మాటల్లోనే, తిండిలో లేదు.

ఇలా మూడు నెలలు గడిచాయి. ఆవిడ జాకెట్టు భుజాల మీద వదులైంది. గొంతులో జోరు తగ్గింది. వాంతులు, కడుపులో మంట, రోజుకు నాలుగైదు విరేచనాలు. మందు అలాంటిదిలే అనుకున్నాం అందరం.

మూడో నెల రిపోర్టులు వచ్చిన గురువారం డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది.

"మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వైరస్ బాగా తగ్గింది," అన్నారు. "దాంతో పాటు మనిషి కూడా తగ్గిపోతోంది. యాభై తొమ్మిది కిలోలతో మొదలుపెట్టాం, ఇవాళ నలభై తొమ్మిది. రక్తం పడిపోతోంది. ఏం తింటోంది ఈవిడ?"

"పథ్యం సక్రమంగానే చేస్తున్నారండీ," అన్నాను.

"సక్రమంగా చేస్తే పది కిలోలు ఎక్కడికి పోయాయమ్మా? బందరు కాలవలో పడ్డాయా?"

ఆయన ఫైలు మూశారు.

"వచ్చే గురువారం తూచండి. నలభై తొమ్మిదికి ఒక్క గ్రాము తగ్గినా ఇంజెక్షను ఆపేస్తాను. వైరస్‌ని చంపబోయి మనిషిని పోగొట్టుకోలేను."

ఆపేస్తే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. సగంలో మానేస్తే అణిగిన వైరస్ మళ్ళీ తలెత్తే అవకాశమే ఎక్కువ. పడ్డ జ్వరాలూ కక్కిన కక్కులూ అన్నీ వృథా. బయటికొచ్చాక ఆవిడ మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆపేస్తే మళ్ళీ పెరుగుద్దా?"

"పెరగొచ్చండీ."

"మా అమ్మ పొట్టకి నీరు పట్టి పోయింది. ఆఖర్లో మూడు నెలలు చూశాను నేను. నేనట్టా పోనమ్మాయ్. ఏం చెయ్యమంటే అది చేస్తా. ఇంకా గట్టిగా చెయ్యమంటే ఇంకా గట్టిగా చేస్తా పథ్యం."

మధ్యాహ్నం సిస్టర్ల గదిలో యథాప్రకారం డబ్బా తెరిచారు. ఆ రోజు పండుగప్ప. నాకు ముద్ద దిగలేదు. వరండాలోకి చూస్తే ఆవిడ బల్ల మీద ఒక్కత్తే కూర్చుని తన క్యారియరు విప్పుకుంటోంది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ తింటుండగా నేను చూడలేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. తిండి చూడటమే నా ఉద్యోగం కదా!

దగ్గరికెళ్ళాను. పై గిన్నెలో తెల్లన్నం. కింద గిన్నెలో నీళ్ళలాంటి చారు. మూతలో ఎర్రగా, నూనె తేలుతూ ఆవకాయ.

"చేప తెచ్చుకోలేదాండీ?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "చేపెట్టా తింటాను? నువ్వే రాశావుగా."

"రాశాను. అందుకే అడుగుతున్నా."

"రాశావు కాబట్టే మానేశా."

ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు మడతల్లో నా గుండ్రటి అక్షరాలు. కాగితం ఎక్కడా నలగలేదు. పథ్యం. కోడిగుడ్డు, చేప, కందిపప్పు, పెసరపప్పు, పెరుగు, అరటిపండు, ఇడ్లీ.

"మా మరదలు చదివి చెప్పింది. వరసాగ్గా అన్నీ మానేశా. గుడ్డు లేదు, చేప లేదు, పప్పు లేదు, పెరుగు కూడా లేదు. అరటిపండు వాసన చూడలా. ఇడ్లీ కూడా పథ్యమేంటే అని మరదలు నవ్వితే, నోరుముయ్యవే, చదువుకున్న పిల్ల రాసింది అన్నాను."

పథ్యం కాగితంలో ఏముంటాయి? తినకూడనివి ఉంటాయి. పసరు మందు ఇచ్చేవాడి దగ్గర్నుంచి ఆరెంపీ దాకా ఎవరు పథ్యం చెప్పినా, ఇవి మానెయ్యండి అనే చెబుతారు. ఈ డెల్టాలో పుట్టి పెరిగిన నాకు అది తెలియదా? తెలుసు. కాగితం రాసేటప్పుడు మాత్రం తెలియలేదు.

"మరి ఆవకాయ?" అన్నాను ఎలాగో.

"అది నువ్వు రాయలేదుగా." ఆవిడ కళ్ళలో నిజమైన కృతజ్ఞత కనిపించింది. "అదొక్కటి వదిలిపెట్టావు, నీకు పుణ్యముంటది. నేనూ అనుకున్నాలే, కామెర్ల పథ్యంలో మొట్టమొదట మాన్పించేది ఊరగాయేగా, ఇదేంటి ఇట్టాగుందీ అని. ఇంగ్లీషు మందు కదా, పథ్యం కూడా తలకిందులుగా ఉంటదేమో అనుకున్నా."

మంట, విరేచనాలు, పది కిలోలు, అన్నీ ఆ మూతలో ఎర్రగా మెరుస్తున్నాయి. ఇటు సిస్టర్ల గదిలోంచి పండుగప్ప పులుసు వాసన వస్తోంది. నేను రాసిచ్చిన చేపలూ గుడ్లూ నేను రాసిచ్చినట్టే ప్రతి గురువారం ఆసుపత్రికి వస్తున్నాయి. ఆవిడ పథ్యం మేము తింటున్నాం.

హెడ్ సిస్టర్ గుమ్మంలో నిలబడి అంతా వింది. తిడుతుందనుకున్నాను. చేతిలో ముల్లును కంచం అంచుకు పెట్టి, "చెప్పానా?" అంది. ఆ మూడక్షరాల ముందు తిట్లన్నీ మేలు.

"మరి చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పొచ్చు కదండీ!" అన్నాను. ఆవిడ ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. ఆవిడకు కూడా కొత్తగానే అనిపించినట్టుంది. "వెళ్ళు, కారు దగ్గరున్నారు," అంది.

డాక్టరుగారు కారు ఎక్కుతున్నారు. పరుగెత్తుకెళ్ళి తలుపు పట్టుకుని అంతా చెప్పాను.

"ఏం చదివావమ్మా నువ్వు?"

"హోమ్ సైన్సండీ."

"తెలుగు చదవాల్సింది. మాకు ఈ తిప్పలు తప్పేవి." తలుపు వేసుకుంటూ అద్దం దించారు. "గురువారం దాకా టైము ఉంది. నేను చెప్పిన మాట మారదు. ఒక్క గ్రాము కూడా."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నిఘంటువు తీశాను. పథ్యం అంటే రోగికి హితమైన ఆహారం అని ఉంది. నేను రాసిందే కరెక్టు! ఆ సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. నిఘంటువు బరువు తూచినా లాభం లేదు, తూచాల్సింది ఆవిణ్ణి.

ఇప్పుడు తినమంటే తినేస్తుందనుకున్నారా? అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. "మూడు నెలలు వద్దని, ఇయ్యాళ తినమంటావేంటి? ఏ మాట నమ్మాలి?" అని ఆవిడ గురువారమే ఎదురు తిరిగింది. ఎంత చెప్పినా, "పథ్యం మధ్యలో తప్పితే మందు విరిగిపోద్ది," అంటుంది. ఆదివారం నేనే బయల్దేరాను. బందరులో బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కడ ఇంకో బస్సెక్కి. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు డైరీలో రాసుకుంటూ వెళ్ళాను.

గుమ్మంలోనే ఆవిడ మరదలు ఎదురొచ్చింది. సంగతి విని నుదురు కొట్టుకుంది.

"అంటే అవి తినాల్సినయ్యా? ఓరి దేవుడా! మూడు నెలల్నుంచి మా వదిన కంటబడకుండా తలుపేసుకుని తింటన్నామండీ చేప ముక్క, దొంగల్లాగ!"

"నిన్ను చదవమంది అందుకేనటే?" అని లోపల్నుంచి గొంతు.

"నేను చదివింది చదివినట్టే చెప్పాను వదినా. మాను అని నేనన్నానా? నువ్వే అన్నావు."

వాళ్ళిద్దరూ కాసేపు నన్ను మర్చిపోయారు.

డైరీలో రాసుకెళ్ళిన మాటలన్నీ చదివి వినిపించాక, చివరికి ఆవిడ ఒప్పుకుంది. మరదలు సంబరంగా చేప పొయ్యి మీద పెట్టింది. వాసన రావడం, ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తడం ఒక్కసారే జరిగాయి. పుట్టింది మొదలు చేపల మధ్యే బతికిన మనిషి చేప వాసనకు కక్కుకుంటోంది. తిరిగొచ్చి నీరసంగా మంచం మీద కూలబడి, "చూశావా, నా ఒళ్ళే చెప్తంది పథ్యమని," అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మీ ఒళ్ళు చెప్పడం లేదండీ, మందు చెబుతోంది! కాసేపు నన్ను చెప్పనిస్తారా?" అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. ఇద్దరూ నోరు మూశారు.

అప్పుడు మొదటిసారి, ఆ ఇంటి అరుగు మీద, డైటీషియన్ చెయ్యాల్సిన పని చేశాను. ఏది ఎప్పుడు లోపలికి పోతోందో, ఏది తిప్పికొడుతోందో గంట గంటకూ అడిగి రాసుకున్నాను. వంట ఇక ఈ ఇంట్లో వద్దు, మరదలు పక్కవీధిలో వాళ్ళ పుట్టింట్లో వండి తేవాలి. వేడి మీద వాసన ఎక్కువ కాబట్టి చల్లారాకే తేవాలి. పొద్దున లేవగానే ఒక ఇడ్లీ, గంటాగి ఉడికిన గుడ్డులో సగం. మిగతా సగం ఇంకో గంటకు. మధ్యాహ్నం పెసరపప్పు వేసి మెత్తగా వండిన అన్నం నాలుగు ముద్దలు, సగంలో క్యాప్సూలు, మళ్ళీ నాలుగు ముద్దలు. పెరుగన్నం చల్లగా. తినే ముందు నిమ్మకాయ నీళ్ళు పుక్కిలిస్తే నోట్లో ఇనుము తగ్గుతుంది. చేప నాలుగు రోజులాగి, పులుసు లేకుండా, చిన్న ముక్క. ఆవకాయ జాడీ నేనే ఎత్తి మరదలి చేతిలో పెట్టాను.

"అదొక్కటే కదమ్మాయ్ నాకున్నది," అంది ఆవిడ, నిజంగా కళ్ళనీళ్ళతో.

గురువారం వచ్చింది. ఆవిడ నడకలో కొంచెం జీవం ఉంది. వాంతులు రోజుకొకటికి తగ్గాయంది. హెడ్ సిస్టర్, నేను, డాక్టరుగారు, ముగ్గురం బరువు తూచే మిషను చుట్టూ నిలబడ్డాం. ముల్లు వెళ్ళి యాభై ఒకటి మీద ఆగింది.

"రెండు కిలోలు!" అన్నారు డాక్టరుగారు. హెడ్ సిస్టర్ నా వీపు తట్టింది. నాకు సంతోషం వెయ్యలేదు. సగం గుడ్లతో, నాలుగేసి ముద్దలతో వారంలో రెండు కిలోలు పెరగడం ఏ పుస్తకంలోనూ లేదు. పైగా ఆవిడ మిషను దిగుతుంటే ఎక్కడో టిక్కుమంది.

గీత గీసి ఊరుకోవచ్చు. మందు సాగుతుంది. అలా గీసిన గీతలు పన్నెండు వారాలవి అప్పటికే నా రికార్డులో ఉన్నాయి. ఈ మనిషి నిజంగా చిక్కిపోతూ ఉంటే, మూడు నెలలకు కాదు, ఇంకో నెలకే చేతికందకుండా పోతుంది.

"ఒక్క నిమిషమండీ," అని ఆవిణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళాను. "బొడ్లో ఏముంది?"

ఆవిడ తల దించుకుని చీర కుచ్చిళ్ళ వెనక నుంచి గుడ్డ మూట తీసింది. వల మునగడానికి అంచున కట్టే సీసపు గుళ్ళు. వలకు కట్టినవి ఊడదీసి మరీ తెచ్చింది.

"ఎందుకండీ ఇలా చేశారు?"

"నిన్ను తిట్టారుగా నాకోసం. మళ్ళీ తిడతారని." ఆ పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందనుకోలేదు. "చెప్పకమ్మాయ్. ఆపేస్తారు."

"చెప్పాలండీ." మూట చేతిలోకి తీసుకున్నాను. "ఆపనివ్వను," అన్నాను, ఆ మాట నిలబెట్టుకునే దారేమిటో తెలియకపోయినా.

మూట తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన గుళ్ళ వంకా, ఆవిడ వంకా, నా వంకా చూసి, రెండు చేతులతో తల పట్టుకున్నారు. హెడ్ సిస్టర్ మాత్రం ఆవిడ కొంగున ముడేసిన చిల్లర, చెప్పులు, తాళాల గుత్తి అన్నీ తీయించి, "మెళ్ళో గొలుసు ఉంచుతాలే, వదిలేస్తున్నా," అంటూ మళ్ళీ మిషనెక్కించింది.

ముల్లు ఊగింది. నలభై ఎనిమిదికీ నలభై తొమ్మిదికీ మధ్య తచ్చాడింది. నలభై తొమ్మిది మీద నిలబడింది.

డాక్టరుగారు వంగి కళ్ళద్దాలు సర్దుకుని మరోసారి చూశారు.

"ఒక్క గ్రాము తగ్గితే అన్నాను. తగ్గలేదు," అన్నారు. "ఇంజెక్షను వెయ్యండి. ఆ సీసం మాత్రం ఇంటికి పంపించొద్దు."

ఆ గుళ్ళు నా బల్ల మీదే ఉండిపోయాయి. వాటి కింద కొత్త కాగితాలు పెట్టుకునేదాన్ని. పైన 'ఇవి తినండి' అని రాశాను. అందం లేని శీర్షికే. అయినా కాగితం చేతికిచ్చాక ఎవర్నీ వదల్లేదు, నిన్న పొద్దున లేచింది మొదలు ఏం తిన్నారో ఒక్కొక్కటే చెప్పమనేదాన్ని. అమ్మాయిలూ, అవునూ కాదూ అని జవాబొచ్చే ప్రశ్న ఎప్పుడూ అడక్కండి. అవుననే అంటారు. ఒట్టు కూడా పెడతారు.

తర్వాతి మూడు నెలలూ సాఫీగా ఏమీ గడవలేదు. రెండుసార్లు క్యాప్సూళ్ళు తగ్గించారు. ఒకసారి ఆవకాయ జాడీ మరదలి పుట్టింటి నుంచి దొంగతనంగా తిరిగొచ్చి నాలుగు రోజులు విరేచనాలు. నేను ఫోనులో అరిచిన అరుపులకు ఇంట్లో మా అమ్మ భయపడింది. అయినా బరువు యాభై మూడుకు చేరింది. కోర్సు అయిపోయిన ఆరు నెలలకు చేసిన పరీక్షలో కూడా వైరస్ కనిపించలేదు.

నాకు ఎక్కువగా గుర్తుండేది మాత్రం ఆఖరి ఇంజెక్షను గురువారమే. ఆవిడ పెద్ద డబ్బా తెచ్చింది, పండుగప్ప పులుసు. ఆరు నెలల కిందటి గొంతుతో "అమ్మాయ్!" అని పిలిచి, ఈసారి సిస్టర్ల గదిలోకే వచ్చి కూర్చుంది. హెడ్ సిస్టర్ అలవాటుగా గరిటె మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ఆగు సిస్టరమ్మా. ఇది నా పథ్యం," అని నడిముక్క తీసి తన కంచంలో వేసుకుంది.